ధర్మం చెప్పబోయి ధర్మం పుచ్చుకున్నాను

అమెరికా వెళ్లొచ్చినవాళ్లు జలపాతం గురించో, ఆకాశాన్నంటే మేడల గురించో చెబుతారు. నేను జలపాతం చూడలేదు. మేడల్ని కారు అద్దంలోంచి, అదీ దూరంనుంచి చూశాను. నేను చూసొచ్చిందల్లా మూడు ఊళ్లు, వాటిలో నాకు అన్నం పెట్టిన మనుషులు. "ఏం చూశావు?" అని అడిగినవాళ్లకి ఈ మాట చెబితే "అంతేనా!" అని జాలిపడుతున్నారు. అందుకని అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నాను.

నా పేరు సువార్త. గుంటూరులో ఒక వేదాంత కళాశాలలో గ్రీకు నేర్పుతాను. ఈ రోజుల్లో గ్రీకు ఎవరు నేర్చుకుంటారని అడగబోతున్నారు కదూ? కాబోయే పాస్టర్లు, అదీ పరీక్ష ఉంది గనక. మా పిన్ని కూతురు సుగుణ న్యూజెర్సీలో మందుల కంపెనీలో పనిచేస్తుంది. అక్టోబరు సెలవుల్లో రమ్మని నన్ను పిలిచింది. ఊరికే వచ్చి కూర్చుంటే నాకు తోచదని దాని భయం. మూడు ఊళ్ల తెలుగు క్రైస్తవ కూటాలతో మాట్లాడి, ఒక్కో ఊళ్లో ఒక్కో ప్రసంగం ఒప్పేసుకుంది. విషయం మాత్రం నా ఇష్టానికి వదిలేసింది.

నేనొక మాటను ఎంచుకున్నాను. బైబిలు సువార్తల్లో మనం 'ధర్మం చేయడం' అని చదివేచోట గ్రీకులో ఉన్న మాట అది: ఎలెయేమొసూనే. దాని వేరు 'ఎలెయొస్', అంటే కనికరం. బిచ్చగాడి చేతిలో పడ్డ నాణేన్ని ఆ గ్రీకులో 'కనికరం' అనే పిలిచారన్నమాట. ఇంగ్లీషువాళ్లు ఆ ఆరక్షరాల మాటని నమిలి నమిలి చివరికి 'ఆమ్స్' దగ్గర ఉమ్మేశారు. దీనిమీద ముప్పావుగంట మాట్లాడగలనని నా ధీమా. వినగలిగేవాళ్లు ఉంటారా అన్న ఆలోచన నాకు అప్పటికి రాలేదు.

పిస్కాటవే: నా గ్రీకుకి మొదటి దెబ్బ

న్యూజెర్సీలో రోడ్డు పక్క భోజనశాలల్ని డైనర్లంటారు. వాటిలో చాలామటుకు గ్రీకువాళ్లవేనని సుగుణ చెప్పేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్లుగా గ్రీకు చెబుతున్నానే గాని, గ్రీకు మనిషితో మాట్లాడింది లేదు. దిగిన మర్నాడే వెళ్లాం.

గల్లాపెట్టె దగ్గర ఒక పెద్దావిడ కూర్చుంది. డెబ్బై దాటి ఉంటాయి. పేరు సోఫియా. నేను గొంతు సవరించుకుని, నా మాటని శుద్ధంగా, దీర్ఘాలు ఎక్కడా చెడకుండా పలికాను. ఆవిడ నన్నోసారి, సుగుణనోసారి చూసి, "ఆమెకి ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగింది.

కాగితంమీద రాసి చూపించాను. అప్పుడు ఆవిడ పగలబడి నవ్వింది.

"ఓ! ఎలెయిమొసీని! అది ప్రొఫెసర్లు పలికే పలుకమ్మా. అలా అడిగి ఏ బిచ్చగాడూ ఇంతవరకు రొట్టె తినలేదు."

మా ఇద్దరికీ కోడిగుడ్డు, నిమ్మరసం కలిపి కాచిన చారు తెప్పించింది. పుల్లగా, వెచ్చగా, మనవాళ్లు జ్వరం తగ్గాక పెట్టే పథ్యంలా ఉంది. కాఫీకి ఒక్కసారే డబ్బు. తర్వాత కప్పు అడుగు కనబడకుండా పోస్తూనే ఉంటారు. మన హోటల్లో రెండోసారి సాంబారు అడిగితే సర్వర్ చూసే చూపు గుర్తొచ్చి, నేను మొహమాటంతో వద్దనలేక మూడు కప్పులు తాగాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

"మీ ఊళ్లో ఈ మాట ఎప్పుడు వాడతారు?" అని సోఫియాని అడిగాను. ఆవిడ ఆలోచించి చెప్పింది: "మా అమ్మమ్మ పొరుగింటికి ఏదైనా పంపేటప్పుడు ఈ మాట అననిచ్చేది కాదు. 'మిగిలింది, తీసుకోండి' అని చెప్పమనేది. నిజంగా మిగిలింది ఎప్పుడూ లేదు."

ఇది నా నోట్సులో లేని విషయం. బాగుందనుకున్నాను గాని రాసుకోలేదు. అక్కడి ప్రసంగం సవ్యంగానే జరిగింది. ముందు వరసలో ఒక పెద్దాయన హాయిగా నిద్రపోయి, చివర్లో లేచి, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు.

ఆష్‌బర్న్: నిమ్మకాయ పులిహోర

వర్జీనియాలో ఆష్‌బర్న్ చేరేసరికి దారికి రెండువైపులా కిటికీల్లేని కట్టడాలు మొదలయ్యాయి. గోదాముల్లా ఉన్నాయి, మనుషుల అలికిడి లేదు. మేం దిగిన ఇంటివాళ్ల అమ్మాయి రియాకి పన్నెండేళ్లు. "ఆంటీ, ఇంటర్నెట్ అంతా ఇక్కడే లివ్ చేస్తుంది," అని ఆ డేటా సెంటర్లని పరిచయం చేసింది. మనకి ఇంత ఇల్లు దొరకనప్పుడు ఇంటర్నెట్‌కి ఇంతింత ఇళ్లెందుకో నాకర్థం కాలేదు.

సభకు వెళ్లేసరికి హాలంతా నిమ్మకాయ వాసన. బల్లమీద మూడు రకాల నిమ్మకాయ పులిహోర, నిమ్మకాయ కేకు, నిమ్మరసం. సంగతేమిటంటే, కారు నడుపుతూ సుగుణ వాట్సాప్‌లో ఆహ్వానాన్ని నోటితో చెప్పి పంపింది. ఫోను దాని పద్ధతిలో అది విని, ఎలెయేమొసూనే బదులు 'లెమన్ సండే' అని రాసింది. ఇది అమెరికాలో ఏదో కొత్త పండగ కాబోలనుకుని, అందరూ శ్రద్ధగా వండుకొచ్చారు. మనవాళ్లు పండగని అనుమానించరు, వంట మాత్రమే అడుగుతారు.

నేను యేసు చేసిన కొండమీది ప్రసంగం తీసుకుని, ధర్మం చేసేటప్పుడు ముందు బూర ఊదించుకోవద్దన్న మాట వివరించాను. రియా చెయ్యెత్తింది.

"ఆంటీ, ట్రంపెట్ అంటే రియల్ ట్రంపెట్ ఆ?"

"నిజం బూరో కాదో ఎవరికీ తెలీదమ్మా. పదిమందీ చూసేలా చెయ్యొద్దని దాని భావం."

"సో… పోస్ట్ చెయ్యొద్దు అని?"

హాల్లో తలలన్నీ వెనక గోడవైపు తిరిగాయి. ఎందుకంటే ప్రసంగం అయ్యాక ఇండియాలోని ఒక అనాథాశ్రమానికి పంపే దుప్పట్లతో గ్రూప్ ఫోటో ఉంది, బ్యానర్ కూడా కట్టేశారు. కాసేపు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుని, చివరికి అందరూ వరసలో నిలబడ్డారు, నన్ను మధ్యలో నిలబెట్టారు. నేనూ నవ్వాను. దుప్పటి పట్టుకుని నవ్వకుండా నిలబడటం కష్టం.

దారిలో: కొసరు

ఆష్‌బర్న్ నుంచి జార్జియా దాకా రెండు రోజుల ప్రయాణం. దక్షిణానికి దిగుతున్నకొద్దీ మట్టి ఎర్రబడింది, నా మనసు కుదుటపడింది. కరోలినాలో రోడ్డు పక్క ఒకాయన పెద్ద డేగిసాలో ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు అమ్ముతున్నాడు. నేను "ఆపు, ఆపు!" అని అరిచిన అరుపుకి సుగుణ ఏదో ప్రమాదమనుకుని బ్రేకు తొక్కింది. దాని కాఫీ అంతా నా కోటుమీద పడింది.

చిన్న సంచీ ఐదు డాలర్లు. రూపాయల్లోకి మార్చి చూసుకుంటే గొంతు దిగదని సుగుణ ముందే హెచ్చరించింది. డబ్బిచ్చి, అలవాటు చొప్పున చెయ్యి చాపి నిలబడ్డాను. ఆయనకి అర్థం కాలేదు.

"పెద్ద సైజు కావాలా?"

"కాదు. కొసరు." ఎలా చెప్పాలో తెలియక, "కొన్నాక మీరు ప్రేమగా వేసేది," అన్నాను.

ఆయన గరిట పట్టుకుని కాసేపు ఆలోచించాడు. "నేను మా ఆవిడకే అలా ఏమీ వెయ్యను," అని నవ్వి, దోసెడు కాయలు నా చేతిలో పోశాడు. కాలాయి. అయినా వదల్లేదు.

కోటు పాడైంది కాబట్టి సుగుణ తన కూతురి పాత స్వెట్‌షర్ట్ ఒకటి డిక్కీలోంచి తీసిచ్చింది. మోచేతుల దగ్గర వెలిసిపోయి, చేతులు నా వేళ్లు దాటి వేలాడుతున్నాయి. నేత చీరమీద అది, కాళ్లకి మా మరిది, అదే సుగుణ భర్త బూట్లు. అద్దంలో చూసుకుని, ఎవరు చూస్తారులే అనుకున్నాను.

కమ్మింగ్: లైనుంటే నిలబడటం మన ధర్మం

అట్లాంటాకి ఉత్తరాన కమ్మింగ్‌లో మాకు ఆతిథ్యమిచ్చింది జయరాజు గారు, ఆయన భార్య రత్నం గారు. వీళ్లది మా గుంటూరు వైపే. ఆయన మంచి మనిషి. ఇంట్లోకి అడుగు పెట్టగానే తెలుస్తుంది, ఎందుకంటే ఆ మంచితనమంతా గోడకి ఫ్రేములు కట్టించి ఉంది. కుట్టుమిషను ఇస్తూ, సైకిలు ఇస్తూ, కళ్లజోళ్లు ఇస్తూ. నేలమాళిగలో శనివారం నా ప్రసంగం. బ్యానరు అప్పటికే సిద్ధంగా ఉంది. అందులో నా ఫోటో పదేళ్ల కిందటిది, జుట్టు నల్లగా ఉంది.

బుధవారం ఉదయం సుగుణ, అదే స్వెట్‌షర్ట్‌లో నేను బజారుకి బయల్దేరాం. దారిలో ఎర్రిటుకల చర్చి, తెల్లటి పొడవాటి శిఖరం కనబడ్డాయి. చూస్తానన్నాను.

"చూస్తూ ఉండు అక్కా. నాకు ఆఫీస్ కాల్ ఉంది, కార్‌లోనే ఉంటా," అంది సుగుణ.

చర్చి పక్క హాలు ముందు జనం వరసగా నిలబడి ఉన్నారు. అక్కడెవర్ని అడిగినా చెప్పేవాళ్లు. కాని లైను కనబడితే ముందు నిలబడి, తర్వాత దేనికని అడగటం మన రక్తంలో ఉంది. నిలబడ్డాను. లోపల చర్చి చూపిస్తారేమో, కాఫీ ఇస్తారేమో అనుకున్నాను.

ద్వారం దగ్గర తెల్లజుట్టు ఆవిడ. జేబుమీద బార్బరా అని పేరుంది. "మీ ఇంట్లో ఎంతమంది, హనీ?" అని అడిగింది.

ఇక్కడివాళ్లు ఎంత కలుపుగోలు మనుషులో అని మురిసిపోయి, గుంటూరు ఇంటి లెక్క చెప్పాను. "ఐదుగురం."

వెంటనే పెద్ద బండి ఒకటి నా చేతికొచ్చింది. లోపల అరలు, అరల్లో డబ్బాలు, రొట్టెలు, బంగాళాదుంపలు. అందరూ తీసుకుంటున్నారు, డబ్బులిచ్చే చోటు ఎక్కడా లేదు. అప్పుడు అర్థమైంది. బీదవాళ్లకి ఉచితంగా సరుకులిచ్చే చోటది. ప్యాంట్రీ అంటారట. ధర్మాన్ని గ్రీకులో ఏమంటారో చెప్పడానికి సముద్రం దాటొచ్చినదాన్ని, దాని వరసలోనే నిలబడి బండి పుచ్చుకున్నాను.

"లేదు లేదు, నేను…" అని నా ఇంగ్లీషు తడబడింది. బార్బరా నా స్వెట్‌షర్ట్ చేతుల్ని, బూట్లని చూసి, నా భుజంమీద చెయ్యి వేసింది. "మొదటిసారి అందరికీ ఇలాగే ఉంటుంది, హనీ."

ఆ చెయ్యి వెచ్చగా ఉంది. నేను మాత్రం సిగ్గుతో తలెత్తలేకపోయాను. ముప్పై ఏళ్లుగా కనికరమన్న మాటకి విభక్తులు చెబుతున్నాను. అది నా భుజంమీద వాలితే ఇంత బరువుంటుందని తెలీదు. "ఓరి దేవుడా!" అని పైకే అన్నాను.

నా ముందున్న మనిషి ఉలిక్కిపడింది. టోపీ, నల్లకళ్లద్దాలు, మెడ చుట్టూ చున్నీ. లోపల ఎండ లేదు. ఆవిడ చటుక్కున బండి తిప్పుకుని పోబోయి, ఆగి, నన్ను మళ్లీ చూసింది. కళ్లద్దాలు తీసింది. ముప్పై అయిదేళ్లుంటాయి.

"మొదటిసారా అక్కా?" అంది మెల్లగా. తెలంగాణ మాట. "ఏం సిగ్గుపడకుండ్రి. నేను ఫస్ట్ టైం వచ్చినప్పుడు కార్ల కూసోని ఒకటే ఏడ్చిన."

నేను గెస్టునమ్మా, ప్రసంగం చెప్పడానికొచ్చాను అని నోటిదాకా వచ్చింది. అప్పటికే ఆవిడ మొహంలో భయం పోయి, నాలాంటిది ఇంకొకతె ఉందన్న ఊరట కనబడుతోంది. ఆ మాట అంటే ఏమవుతుంది? నేను పైకెక్కుతాను, ఆవిడ ఒక్కతే కింద మిగులుతుంది. నోరు మూసుకున్నాను.

పేరు మాధవి, కరీంనగర్. భర్త ప్రాజెక్ట్ అయిపోయింది. కొత్త కంపెనీ తీసుకుంది గాని వీసా కాగితాలు కదలడం లేదు. "నాకు జాబ్ చేసే పర్మిషన్ లేదు. ఇద్దరు పిల్లలు. మీరు ఏడికెల్లి వచ్చిన్రు?"

"గుంటూరు. ఇక్కడ చెల్లెలు తోడుంది."

ఒక్క అబద్ధమూ ఆడలేదు. ఒక్క నిజమూ చెప్పలేదు.

మాధవి నా బండి తోస్తూ అన్నీ నేర్పింది. "గా డబ్బాలు వద్దు, ఉప్పు ఎక్కువుంటది. ఇవి తీస్కోండ్రి, మన బొబ్బర్లే. నానబెట్టి రుబ్బుతే గారెలు మంచిగైతయి." బియ్యం అర దగ్గరికొచ్చేసరికి అది ఖాళీ. చివరి సంచీ మాధవి బండిలో ఉంది. అది తీసి నా బండిలో పెట్టింది.

"వద్దమ్మా! నీకు పిల్లలున్నారు!"

"మా పిల్లలు పాస్తా గూడ తింటరు. మీరు ఐదుగురు, బియ్యం లేకుంటె ఎట్ల?" నేను సంచీ వెనక్కి తియ్యబోతే చెయ్యి పట్టుకుంది. "నన్ను ఇయ్యనియ్యుండ్రి అక్కా. ఒకరికి ఇయ్యక చాన దినాలైంది."

తీసుకున్నాను.

బయటికొచ్చేముందు ఆవిడ మళ్లీ టోపీ సర్దుకుంది. "ఎవ్వలకు చెప్పకుండ్రి. మా గల్లీలనే జయరాజు అంకుల్ అని ఉన్నడు. చాన మంచోడు. కాని ఆయనకు తెలిస్తె అట్లాంటా మొత్తం తెలుస్తది."

మాధవి కారు వెళ్లాక సుగుణ తలెత్తి చూసింది. అక్క బండి తోస్తోంది, పక్కన బార్బరా సాయం పడుతోంది.

"ఇదేంటక్కా! ఇంత షాపింగ్ ఎక్కడ చేశావ్?"

"షాపింగ్ కాదే. ధర్మం."

సుగుణకి విషయం చెప్పాక స్టీరింగుమీద తల పెట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, నా మొహం చూసి ఆపేసింది. మర్నాడు సరుకులన్నీ తీసుకెళ్లి, ఇంకొన్ని కొని చేర్చి, చర్చిలో ఇచ్చొచ్చాం. బియ్యం మాత్రం ఇవ్వబుద్ధి కాలేదు. అది చర్చి ఇచ్చింది కాదు.

జయరాజు గారి అన్నం

ఆ బియ్యం నేనే వండాను. పొడుగు గింజ, నీళ్ల అంచనా తప్పి కాస్త మెత్తబడింది. భోజనాల దగ్గర జయరాజు గారు ముద్ద కలుపుతూ, "ఇది మన సోనామసూరి కాదే," అన్నారు గాని, గోంగూరతో రెండుసార్లు వడ్డించుకున్నారు.

శుక్రవారం ఆయన నన్ను నేలమాళిగకి తీసుకెళ్లి ఒకటి చూపించారు. మనిషంత ఎత్తున అట్టతో చేసిన చెక్కు. మీద పేరు రాయడానికి ఖాళీ వదిలారు.

"మీ టాపిక్‌కి కరెక్ట్‌గా సెట్ అవుద్దండి టీచర్ గారూ. మన వీధిలో ఒక ఫ్యామిలీ. హస్బెండ్‌కి జాబ్ లేదంట. వాళ్లు చెప్పలేదు, నాకు తెలిసింది. రేపు లంచ్‌కని పిలిచా. మీ స్పీచ్ అవ్వగానే స్టేజి మీదకి పిలిచి మీ చేతులమీదుగా ఇప్పిద్దాం. సర్‌ప్రైజ్!"

ఆ టోపీ, ఆ నల్లకళ్లద్దాలు కళ్లముందు కనబడ్డాయి.

"గుట్టుగా ఇవ్వచ్చు కదండీ? కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియొద్దన్నారు గదా."

"బూర ఊదొద్దన్నారు గాని ఫోటో వద్దనలేదు కదండీ!" ఆయన నవ్వారు. తర్వాత కొంచెం నొచ్చుకున్నారు. "నా పేరు కోసం కాదు టీచర్ గారూ. చూసి ఇంకో పదిమంది ఇస్తారు. అలా ఎంతమంది ఇచ్చారో తెలుసా మీకు?"

అదీ నిజమే. ఆ గోడమీది కుట్టుమిషన్లు అబద్ధం కాదు. వ్యాకరణంతో ఈయన్ని గెలవలేనని తెలిసిపోయింది.

"జయరాజు గారూ, బుధవారం నేను ఆ చర్చి దగ్గర ప్యాంట్రీ లైనులో నిలబడ్డాను."

"చూడ్డానికా?"

"కాదు. తీసుకున్నాను. బండినిండా."

ఆయన మొహం పాలిపోయింది. "మా ఇంట్లో దిగి… మీకేం తక్కువ చేశామండీ? రత్నం ఏమన్నా అందా?"

జరిగింది జరిగినట్టు చెప్పాను, మాధవి పేరూ ఊరూ తప్ప. "ఆ వరసలో ఒకావిడ తన బియ్యం సంచీ నాకిచ్చింది. నిన్న మీరు గోంగూరతో తిన్న అన్నం అదే."

జయరాజు గారు తన అరచేతి వంక చూసుకున్నారు, దానికింకా ఏదో అంటుకుని ఉన్నట్టు.

"నేను బండి తోసుకుంటూ బయటికొచ్చేటప్పుడు మీరక్కడ ఉండి ఫోటో తీస్తే, మీ గోడకి కడతారా?"

"ఆవిడ ఎవ…" అని అడగబోయారు. ఆగిపోయారు. ఆయన ఒక ప్రశ్న మధ్యలో ఆపడం తన పెళ్లయ్యాక ఇదే మొదటిసారని రత్నం గారు తర్వాత చెప్పారు. అట్టచెక్కుని గోడవైపు తిప్పి పెట్టి, "పదండి, టీ తాగుదాం," అన్నారు.

శనివారం

నేలమాళిగ నిండింది. నేను పట్టుచీర కట్టుకుని నిలబడేసరికి మాధవి, భర్త, ఇద్దరు పిల్లలు వెనక వరసలో కూర్చున్నారు. ఆవిడ తలెత్తి నన్ను చూసింది, బ్యానరు చూసింది, మళ్లీ నన్ను చూసింది. నేను నోట్సు మడిచి పక్కన పెట్టాను.

ముప్పావుగంట ప్రసంగం పావుగంటలో ముగించాను. చెప్పింది ఇంతే. యూదుల భాషలో నీతికీ, బీదలకిచ్చేదానికీ ఒకటే మాట ఉండేది. గ్రీకులోకి మార్చినవాళ్లు దాన్ని ఒకచోట నీతి అన్నారు, ఒకచోట కనికరం అన్నారు. అందుకే కొండమీది ప్రసంగంలో ఆ ఒక్క వాక్యం దగ్గర పాత రాతప్రతులు రెండుగా చీలిపోతాయి. కొన్నిటిలో నీతి, కొన్నిటిలో కనికరం. మన తెలుగువాళ్లకి ఆ తగవు లేదు. వీధిలో "ధర్మం చెయ్యండి తల్లీ" అని అడిగేవాడు ఆ రెండూ ఒక్క మాటలోనే అడుగుతాడు. "ఇచ్చేవాడు పైన, పుచ్చుకునేవాడు కింద అని ఆ మాటలో ఎక్కడా లేదు. ఇన్నాళ్లూ నేను ఉందనుకుని పాఠం చెప్పాను," అన్నాను.

అట్టచెక్కు బయటికి రాలేదు. జయరాజు గారు మైకు పట్టుకుని, అలవాటు కొద్దీ రెండుసార్లు నోరు తెరిచి, "భోజనాలు రెడీ," అని మాత్రం అన్నారు.

మాధవి వంటింట్లో నన్ను పట్టుకుంది. పళ్లేలు తుడుస్తున్నట్టు నిలబడి, గొంతు తగ్గించి అడిగింది.

"నన్ను జూసి జాలిపడి అబద్ధమాడిన్రా?"

"లేదమ్మా. నేనొక పెద్ద మనిషినని నీ ముందు చెప్పుకోడానికి నోరు రాలేదు."

"నాకు మస్తు కోపమొచ్చింది."

"రావాలి."

కాసేపు గుడ్డతో ఒకే పళ్లేన్ని తుడిచింది. "బియ్యం ఏం జేసిన్రు?"

"వండుకుని తిన్నాం."

"ఎట్లున్నయి?"

"మెత్తబడింది."

"గా బియ్యానికి నీళ్లు తక్కువ వొయ్యాలె," అంది విసుగ్గా. అని, పళ్లెం నా చేతికిచ్చి, "తింటరా, గట్లనే నిలబడ్తరా?" అని పక్కకి జరిగి నాకు చోటిచ్చింది. కోపం పూర్తిగా పోలేదు. అయినా నా పళ్లెంలో గారెలు తనే వేసింది.

తిరిగొచ్చాక

నేను గుంటూరు చేరిన కొన్ని వారాలకి మాధవి వాయిస్ మెసేజ్ పెట్టింది. కాగితాలొచ్చాయి, భర్త కొత్త ఆఫీస్‌కి వెళ్తున్నాడు. మధ్యలో గడిచిన రోజుల గురించి ఒక్కటే మాట: "ఎట్లనో గడిచిపోయింది అక్కా. దేవుడు మంచోడు, పక్కోళ్లు గూడ మంచోళ్లే." పక్కోళ్లెవరో చెప్పలేదు. నేను అడగలేదు.

తర్వాత ఒక ఆదివారం జయరాజు గారు ఫోన్ చేశారు. రత్నం గారు బాగున్నారన్నారు, చలి మొదలైందన్నారు. మాటలు అయిపోయినా ఫోన్ పెట్టలేదు.

"టీచర్ గారూ, మీకొక మాట చెప్పాలండి. మొన్న నేను ఆ మాధవి వాళ్లకి…"

ఆగారు. ఊపిరి వినబడుతోంది. పాపం, చాలా కష్టపడుతున్నారు.

"చెప్పండి జయరాజు గారూ."

"ఏం లేదండి," అన్నారు చివరికి. "ఇక్కడ వెదర్ చాలా బాగుంది."